బొట్టు పెట్టిన మొదటి భాగం

ఆ రోజుల్లో, అంటే స్టీల్ ప్లాంటులో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన తొంభైల్లో, మమకారమంటూ ఉంటే భగవంతుడి మీదే ఉండాలని మా భజన మండలిలో వారం వారం చెప్పేవారు. నేను భక్తిగా విని, తల ఊపి, తిన్నగా కంచరపాలెం పాత పుస్తకాల కొట్టుకు పోయేవాణ్ణి. ఓడల వాళ్ళు వదిలేసిన పుస్తకాలు అక్కడికి చేరేవి. అలా దొరికింది ఒక పాత ఇంగ్లీషు సముద్రపు నవల, మొదటి భాగం. నీలం గుడ్డ అట్ట, అంచులకు బంగారు పూత, చెక్క అచ్చుల బొమ్మలు. కొద్ది ప్రతులే వేశారట, నా ప్రతి సంఖ్య చివరి పేజీలో చేత్తో రాసి ఉంది. కథ మాత్రం తుఫానులో ఓడ ఒరిగిన చోట ఆగిపోయింది. రెండో భాగం కోసం పడ్డ తపన మోక్షం కోసం పడి ఉంటే (మా గురువుగారి మాటే ఇది) ఈపాటికి ఒడ్డు చేరేవాణ్ణి.

ఒకరోజు కొట్టాయన (ఆయనకు అందరూ బావలే) కబురు చెప్పాడు. "బావా, నీ రెండో భాగం పెందుర్తి పెద్దాయన కాడుంది. బాగా సూసుకునేవోడికి ఊరికే ఇచ్చేత్తాడట. ఆదివారం నీ పుస్తకం సూడ్డానికి వత్తన్నాడు."

ఆ ఆదివారం దసరాల్లో సరస్వతీ పూజ. ఇంతకంటే మంచి ముహూర్తం ఉంటుందా అని పొంగిపోయి, నవలను పారాయణ గ్రంథాల పక్కనే పట్టుబట్ట మీద ఉంచి, గంధం రాసి, నిండుగా కుంకుమ బొట్టు పెట్టాను. పెద్దాయన వచ్చి, చంకలోని పొట్లం నాకు అందించబోతూ ఆగిపోయాడు.

"ఏటి బాబూ ఇది! అట్ట మీద బొట్టెట్టేసినావేటి?"

"పూజలో ఉందండి."

"పోనీ తెరువు. బొమ్మలైనా బాగున్నాయో నేదో సూత్తాను."

"దశమి దాకా తెరవకూడదండి."

ఆయన నన్నూ అమ్మవారినీ మార్చి మార్చి చూశాడు. "నానూ దణ్ణం ఎట్టుకునేవోణ్ణే బాబూ. నా పుస్తకానికి మాత్రం పసుపూ కుంకాలొద్దు," అని, ప్రసాదం పులిహోర తిని (మా ఆవిడ మారు కూడా వడ్డించింది), పొట్లంతో సహా వెళ్ళిపోయాడు. వీధి మలుపు దాకా నా కళ్ళు ఆ పొట్లం వెంటే నడిచాయి. దశమి మర్నాడు పెందుర్తి పరుగెత్తాను. అప్పటికే ఎవరికో ఇచ్చేశాడు.

నా ఓడ ఇంకా ఒరిగే ఉంది. ఏటా సరస్వతీ పూజ నాడు ఆ నవల పీటెక్కుతుంది. పక్కన ఇంకో పుస్తకం పట్టేంత చోటు వదులుతాను.

"ఆ కాళీ జాగాలో ఏటెడతారు?" అంటుంది మా ఆవిడ.

"వస్తుందిలే."

"వత్తే దానికీ బొట్టెట్టేత్తారు గదా!"

పెట్టకుండా ఎలా ఉండగలను? కాకపోతే, ఈసారి చిన్నది పెడతాను.