చపాతీ, కొబ్బరినీళ్ళు

మా ఆయన నౌకాదళంలో ఉన్న రోజుల్లో మేము రెండేళ్ళు ఒక చిన్న ద్వీపంలో కాపురం చేశాం. ఒక రాడార్, ఒక జెట్టీ, పదకొండు క్వార్టర్లు. ఎటు నడిచినా ఇరవై నిమిషాల్లో సముద్రం అడ్డొచ్చేది. ఉల్లిపాయలు, ఉత్తరాలు, గ్యాస్ సిలిండర్లు అన్నీ ఒకే ఓడలో రావాలి. వాతావరణం బాగుంటే పదిహేను రోజులకొకసారి వచ్చేది. ఫోన్ సిగ్నల్ లేదు.

నేను పుట్టి పెరిగింది రాయ్‌పూర్‌లో. నాన్నది రైల్వే ఉద్యోగం. గుఢియారీలో పట్టాల పక్కన ఉన్న మా తెలుగు క్రైస్తవ సంఘంలోనే అక్షరాలూ బైబిలు వాక్యమూ నేర్చుకున్నాను. అక్కడ నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, యేసు చివరి విందును తలచుకునే ఆరాధన. కాపరి, అంటే పాస్టరుగారు, రొట్టె విరుస్తారు, సంఘ పెద్దలు చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం అందిస్తారు. అభిషేకం పొందిన కాపరి లేకుండా ఎవరూ ఆ పనికి పూనుకోరు. వరసగా మూడు నెలలు బల్లకు రాకపోతే ఒక పెద్ద ఇంటికి వచ్చి కారణం అడుగుతారు.

ద్వీపంలో కాపరి లేడు. ఐదు మొదటి ఆదివారాలు గడిచాయి. ఏం చేయమంటారని మా కాపరికి ఉత్తరం రాశాను. తర్వాతి ఓడలో జవాబు రాలేదు. ఆ తర్వాతి ఓడే రాలేదు, సముద్రం బాగాలేదు. ఈస్టరు వచ్చేసింది.

పక్క క్వార్టరులో ఒక కేరళ ఆవిడ ఉండేది. ఆదివారాలు ఇద్దరం మా వరండాలో కూర్చుని హిందీలో ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఈస్టరు ముందురోజు మా ఆయన్ని అడిగాను, రొట్టె మీరు విరుస్తారా అని.

"నాకు పొద్దున డ్యూటీ. అయినా నేను రాడార్ చూసేవాణ్ణి, కాపరిని కాదు," అన్నారు. "కావాలంటే నువ్వే చేసుకో. రాడార్‌లో మన వరండా కనపడదులే."

నేనే చేశాను. చపాతీ కాల్చాను. ద్రాక్షరసం లేదు కనుక గ్లాసుల్లో కొబ్బరినీళ్ళు పోశాను. ఇద్దరం తీసుకున్నాం. ఆ పూట నాకు సంతోషమే కలిగింది, దాచను.

తొమ్మిది రోజులకు ఓడ వచ్చింది. కాపరి జవాబు అందులో ఉంది. బల్ల జోలికి పోవద్దు, సెలవులో వచ్చినప్పుడు మాట్లాడదాం అని రాశారు.

మే నెలలో సెలవు దొరికింది. జరిగింది ఒప్పుకోకుండా బల్ల దగ్గరికి వెళ్ళలేను. ఒప్పుకుంటే రానివ్వకపోవచ్చు.

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది బేటా? అంత దూరం నుంచి వచ్చావు, చుప్‌చాప్ తీసుకుని వెళ్ళు," అంది అమ్మ.

"దేవుడికి తెలుసమ్మా."

"ఆయనకి ముందే తెలుసు కదా. ఇంక పెద్దలకెందుకు?"

శనివారం సాయంత్రం గుడి వెనక గదిలో కాపరి, ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. కూలర్ హోరుకి ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"కొబ్బరినీళ్ళా?" అన్నారు బీర్‌గావ్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసే పెద్ద. "కిస్‌మిస్ నానబెట్టినా సరిపోయేది కదమ్మా."

"కిస్‌మిస్ కూడా ఓడలోనే రావాలండి."

"అయితే పాయసం కూడా బంద్ అన్నమాట," అని రెండో పెద్ద నవ్వారు.

కాపరి నవ్వలేదు. "నీళ్ళ సంగతి వదిలేయండి. జవాబు వచ్చేదాకా ఎందుకు ఆగలేదు తల్లీ?"

 ద్వీపంలో అందరం ఓడ కోసం ఆగేవాళ్ళమే. ఉల్లిపాయల కోసం నెల ఆగినదాన్ని, జవాబు కోసం ఆగలేదు.

రెండు మొదటి ఆదివారాలు బల్ల తీసుకోకుండా వెనక బెంచీలో కూర్చోమన్నారు. మొదటిది రాయ్‌పూర్‌లోనే గడిచింది. పళ్ళెం నన్ను దాటి పక్కావిడకు వెళ్ళింది. ముందు వరసలో అమ్మ వెనక్కి తిరగలేదు. సెలవు అయిపోయింది. మళ్ళీ బల్లలో పాలుపొందింది మరుసటి ఏడాది సెలవులోనే.

శిక్షలో రెండో ఆదివారం ద్వీపంలో వచ్చింది. కేరళ ఆవిడ చపాతీ చేసి తెచ్చింది.

"ఈసారి నేను విరుస్తాను దీదీ. తప్పు నీ మీదకి రాదు."

వద్దన్నాను. ఎందుకో చెప్పి, కుర్చీ వదిలి వరండా మెట్టు మీద కూర్చున్నాను.

"వెనక బెంచీ ఇదేనా?"

"ఇదే."

 ఆమె పళ్ళెం లోపల పెట్టి వచ్చి నా పక్కన కూర్చుంది. ప్రార్థన అక్కడే చేసుకున్నాం. ఆ చపాతీ మధ్యాహ్నం పప్పుతో తిన్నాం.