అటెన్షన్‌లో తీసిన కొలత

అందరూ ఆమెను కొలతలక్క అనేవారు. వయసులో ఉన్నప్పుడు ప్యాంట్లు కుట్టేది. అన్న యుద్ధం నుంచి ఒంటికాలితో తిరిగొచ్చాక, అతనికి కొయ్యకాలు చేసిచ్చిన సేవాసంఘంలోనే పనికి చేరి, ఆ పనిలోనే జుట్టు నెరిసిపోయింది. ప్రభుత్వాసుపత్రి వెనక గదిలో ఆ సంఘం మాజీ సైనికులకు కాళ్లు చేసేది. గదీ కరెంటూ సర్కారువి. కొయ్యా తోలూ జీతాలూ చందాలవి.

మనిషిని నిలబెట్టగానే ఆమె టేపు తీసేది కాదు. పటాలంలోని పాత వంటవాడి సంగతో, నోటిదురుసు పై అధికారి సంగతో కదిపేది. అతను నవ్వి, భుజాలు జారవిడిచాక కొలిచేది. బిగుసుకుని నిలబడితే నడుము పైకి లాగేస్తుంది. ఆ కొలతకు చేసిన కాలు పొడవైపోయి అడుగడుక్కీ నేలకు తగులుతుంది.

ఒక వేసవిలో ఆరోగ్యశాఖ అధికారి గది చూడ్డానికి వచ్చాడు. ఆసుపత్రికి మందులు దాచుకునే చోటు కావాలి. సంఘాన్ని ఉంచాలో పంపాలో తేల్చాల్సింది ఆయనే. అప్పుడే కొలతకు నిలబడిన ఒక మాజీ సైనిక డ్రైవరు ఆయన్ని చూడగానే అటెన్షన్‌లోకి వెళ్లిపోయాడు. కొలతలక్క ప్రాణమంతా గదిమీదే ఉంది. కబుర్లకు దిగితే పని తెలియనిదనుకుంటాడేమోనని గబగబా కొలిచేసింది.

కాలు తయారైన రోజు అధికారి మళ్లీ వచ్చాడు. డ్రైవరు నడవబోయాడు. కొత్త పాదం నేలను గీరింది. గోడ పట్టుకున్నాడు.

"కొత్త చెప్పులు కరవవా అక్కా, అలవాటైపోద్దిలే," అన్నాడు ఆమెను వెనకేసుకొస్తూ.

"కాదు తమ్ముడూ, పొడవైంది." ఆమె అధికారి వైపు తిరిగింది. "తప్పు నాదే సార్. మీరుండగా కొలిచాను. మిమ్మల్ని చూస్తే ఈయన గుంజలా బిగుసుకుపోతాడు. మళ్లీ కొలవాలి, కాస్త బయట కూర్చుంటారా?"

అనేశాక, గది చేజారిపోయిందనుకుంది.

"నేను ఆరోగ్యశాఖవాణ్ణయ్యా, నన్ను చూసి భయమెందుకు?" అన్నాడు అధికారి.

"ఏ శాఖైనా సర్కారే కద సార్," అన్నాడు డ్రైవరు, అటెన్షన్‌లోనే. "యుద్ధానికి బండెక్కించేటప్పుడు మీరు చందాలు అడగలేదు. కాలికి మాత్రం పాపం వీళ్లు డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు."

అధికారి వెళ్లి నడవాలో బల్లమీద కూర్చున్నాడు. లోపలి నుంచి వంటవాడి కథ, ఆ వెనకే డ్రైవరు నవ్వు వినిపించాయి. ఆమె టేపు మెడలో వేసుకుని బయటికొచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు.

"నిజానికి ఈ పని ఆసుపత్రే చెయ్యాలమ్మా."

"చెయ్యండి సార్. మొదలుపెట్టిన రోజున తాళంచెవి నేనే తెచ్చిస్తా."

"అందాకా?"

"అందాకా మందులు ఇంకెక్కడైనా సర్దుకోండి."

ఆయనకు నవ్వొచ్చింది. మందుల పెట్టెలు మెట్ల కిందికి చేరాయి. కొలతలక్క చివరిదాకా ఆ గదిలోనే పనిచేసింది. ఆసుపత్రిలో కాళ్ల విభాగం తెరిచే సంగతి పైవాళ్లు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.