వలపక్షం లేని వడ్డన

ఎనభైల్లో, తిరుపతి యూనివర్సిటీలో నేను పరిశోధన చేసేటప్పుడు, ల్యాబు ఎలకలకు మేత పెట్టే అటెండరు సాయంత్రాలు మఠంలో వడ్డనకు పోయేవాడు. గరిటె పట్టినప్పుడల్లా "పంక్తిలో వలపక్షం పాపం సార్" అనేవాడు.

పేగుకు రక్తం పోకుండా కాసేపు కట్టి వదిలితే, ఆగిన ప్రాణవాయువు తిరిగొచ్చి పేగునే కాలుస్తుంది. విటమిన్-ఇ తినిపిస్తే ఆ దెబ్బ తగ్గుతుందేమోనని సగం ఎలకలకు విటమిన్ మేత, సగానికి ఉత్త మేత పెట్టమన్నాను. కోసి చూస్తే అన్ని పేగులూ ఒకటే తీరు. విటమిన్ దండగని తేల్చినాను. డాక్టరేటు వచ్చింది.

లడ్డూలు పంచుతుంటే ఆయన మెల్లగా అన్నాడు: "మిగతా ఎలకలు ఏం పాపం చేసినాయి సార్? వాటికీ మందు కలిపే పెట్టినా."

నా చెయ్యి ఆగిపోయింది. ఆయనే పళ్లెం అందుకొని అందరికీ పంచినాడు. నాకూ ఒకటే పెట్టినాడు, డాక్టరునని కూడా చూడకుండా.