పైపోర్షనక్క వీసా

ఆ రోజుల్లో నల్లకోటు తొడుక్కుంటే చాలు, దేశంలోని చట్టాలన్నీ నా జేబులో ఉన్నట్టే అనిపించేది. లా పట్టా చేతికొచ్చి, మేడ్చల్‌లో ఒక వకీలు దగ్గర జూనియర్‌గా చేరిన కొత్త. (ఆయన నమ్మి నాకు అప్పగించిన పెద్ద పని వాయిదాలు రాసుకురావడం.) అలాంటి నాకు మొదటి క్లయింటు అలియాబాద్‌లో మా ఇంట్లోనే దొరికింది. మేడ మీద అద్దెకుండే కెన్యా అమ్మాయి. అసలు పేరుకు మా అవ్వ నోరు తిరగక ‘పైపోర్షన్ పిల్ల’ అనేది. అలా నాకు పైపోర్షనక్క అయింది.

అక్క ఎం.ఫార్మసీ పూర్తిచేసింది, అదే కాలేజీలో పీహెచ్‌డీ సీటూ వచ్చింది. చదువు వీసా గడువు మాత్రం దగ్గరపడింది. స్వదేశం వెళ్ళి కొత్త వీసా మీద తిరిగి రావచ్చు, లేదా ఇక్కడే ఉండి పొడిగింపు అడగవచ్చు. వెళ్తే ఇంట్లోవాళ్ళు చదివింది చాలని ఆపేస్తారని ఆమె భయం. “నేను పోను. ఈడనే సదువుకుంట,” అంది. (ఆమె తెలుగు పంతులమ్మ మా అవ్వే.) సరే, పొడిగింపుకే దరఖాస్తు పెట్టించాను. ఆమె ఇక్కడ ఉంటోందో లేదో చూడ్డానికి పోలీసులు వస్తారని అక్కకు పదిసార్లు చెప్పాను. అవ్వకు చెప్పాలని తోచలేదు.

కానిస్టేబుల్ వచ్చినప్పుడు నేను కోర్టులో ఉన్నాను. గేటు దగ్గర ఖాకీ బట్టలు కనబడగానే, ఆయన బండికి స్టాండు వేసేలోగా అవ్వ మేడెక్కి (మోకాళ్ళ నొప్పులని రోజూ మూలిగే మనిషి!) అక్క గదికి బయట గొళ్ళెం పెట్టేసింది. కిందికొచ్చి, ఆ పిల్ల ఎప్పుడో వెళ్ళిపోయిందని చెప్పి, చల్ల ఇచ్చి మరీ ఆయన్ను సాగనంపింది. అవ్వకు తన మీద కోపమెందుకొచ్చిందో కనుక్కోమని గదిలోంచి అక్క నాకు ఫోన్ చేసింది.

అవ్వకు ఫోన్ చేస్తే విషయం తెలిసింది. ‘మనిషి లేదు’ అని రాసి పంపితే చదువు అక్కడితో సరి. పరుగున ఇంటికెళ్ళి గొళ్ళెం తీసి, ఇద్దరినీ ఆటో ఎక్కించి శామీర్‌పేట ఠాణాకు తీసుకెళ్ళాను. ఎండలో కోటు విప్పకుండా దారంతా వాదన సిద్ధం చేసుకున్నాను. అవ్వను చూడగానే కానిస్టేబుల్ గుర్తుపట్టాడు.

“పొద్దుగాల లేదంటివి గదా అవ్వా?”

“నువ్వు తీస్కపోతవనుకొని లేదన్న బిడ్డా. తీస్కపోనంటే ఉన్నది.”

నేను గొంతు సవరించుకునేలోపు అక్క ముందుకొచ్చింది. “నేను ఈడనే ఉంట సార్. సదువు అయ్యేదాక యాడికీ పోను,” అంది.

ఆయన మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. “మన తెలుగు మనకంటె మంచిగ మాట్లాడుతది,” అని నవ్వి, మళ్ళీ మా ఇంటికొచ్చి, గది చూసుకుని, ఉందనే రాసుకెళ్ళాడు. పొడిగింపు వచ్చింది. అక్క పీహెచ్‌డీ పూర్తిచేసి, ఇప్పుడు వాళ్ళ దేశంలో పాఠాలు చెబుతోంది.

ఇప్పుడు నా ఆఫీసుకు వీసా సంగతులడుగుతూ విదేశీ విద్యార్థులు వస్తుంటారు. ఆచితూచి మాట్లాడతాను, తెలియనిది తెలియదంటాను. కానీ ఒక్కోసారి, ఎండలో నల్లకోటుతో చెమటలు కక్కుతూ ఠాణా మెట్లెక్కిన అప్పటి నేను, ఆ పిల్ల వకీలు, గుర్తొస్తుంది. ఎవరూ వినని ఆ వాదనలో ఒక్క ముక్కా నాకిప్పుడు జ్ఞాపకం లేదు. గెలుస్తానన్న ఆ ధీమా మాత్రం మళ్ళీ ఏ కేసులోనూ కలగలేదు.