బేరంలో పోయిన గేర్‌బాక్స్

తెలివి ఎక్కువై కొంప ముంచుకున్న మనిషిని ఎప్పుడైనా చూశారా? దూరం పోనక్కర్లేదు, ఈ వాక్యం రాస్తున్నవాణ్ణి చూడండి.

మాది ఎర్రగడ్డలో బట్టల కొట్టు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ బేరమాడందే పెట్టేది కాదు. "రెండు గారెలు చాలమ్మా" అంటే, "మూడు తింటేనే పచ్చడి" అనేది. అలాంటి ఇంట్లో పెరిగిన నేను తొంభైల మొదట్లో ఓ నిర్మాత వాడి వదిలేసిన విదేశీ కారు కొన్నాను. పదిహేనేళ్ల వయసు, ఏనుగంత ఒళ్లు, పెళ్లికూతురి మెరుపు. షూటింగులకు అద్దెకు తిప్పాలని నా పథకం. ఫిల్మ్ నగర్‌లో ప్రొడక్షన్ మేనేజర్ సుబ్బారావు గారు మాట కూడా ఇచ్చారు.

"మొదటి రోజు సవ్యంగా నడిస్తే సినిమా అయ్యేదాకా మీ కారేనండీ. నడవలేదా, మళ్లీ మా గేటు దగ్గర కనపడకండి."

కారు అమ్మిన యాదగిరికి ఎర్రగడ్డలోనే మెకానిక్ షెడ్డుంది. నెల రోజుల గ్యారంటీ ఉత్తినే ఇచ్చాడు. ఇంకో ఏడాది పొడిగించాలంటే ఆరు వేలన్నాడు. ఏవేవి చెడితే బాగుచేస్తాడో స్టాంపు కాగితం మీద వరసగా రాసి పెట్టాడు.

"నాలుగు చేసుకో యాదగిరీ."

"గిట్టదు సేటూ. కాగితంల గేర్‌బాక్స్ కొట్టెయ్ అంటే ఇస్త."

"కొట్టెయ్. గేర్‌బాక్స్ ఎక్కడైనా చెడుతుందా?"

"పాత బండి. జర సోచాయించు."

ఆలోచించడానికి నేనేమన్నా కొనేవాడినా? గెలిచేవాణ్ణి. కొట్టేసిన చోట సంతకం పెట్టి, గేటు వైపు నడిచాను. వెళ్లిపోతున్నట్టు నటించి వెనక్కి పిలిపించుకోవడం మా వంశ విద్య. పిలిచాడు. ఇంజిన్ పోయింది, ధర మూడు వేలకు దిగింది. మళ్లీ నడిచాను. ఏసీ, రేడియేటర్ జంటగా పోయాయి. గేటుకీ బల్లకీ మధ్య తిరిగి తిరిగి చివరికి ఎనిమిది వందలకు తెగ్గొట్టాను. కాగితం నిండా నా సంతకాలే. ఏం మిగిలిందో చూడలేదు. ధర చూసి మీసం దువ్వుకున్నాను.

"ఖుషీనా సేటూ?"

"నాకేం, నష్టం నీకే."

"గట్లనే అనుకో" అన్నాడు యాదగిరి, కాగితం మడిచి నా చేతికిస్తూ.

ముప్ఫై మూడో రోజు, జూబ్లీహిల్స్‌లో ఓ బంగళా గేటు నుంచి పైకెక్కే దారిలో షూటింగ్. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. కారు నాలుగింటినీ ఠీవిగా తొక్కింది. ముందు సినిమావాళ్ల డ్రైవరు, వెనక సీట్లో నల్లకళ్లద్దాలతో హీరో. ఎత్తు మధ్యలో లోపల సానరాళ్లు నమిలినట్టు చప్పుడైంది. గేరు పడలేదు. కారు మర్యాదగా, నెమ్మదిగా, వెనక్కి దిగడం మొదలెట్టింది. లైట్‌మెన్ పరిగెత్తి చక్రాల కింద రాళ్లు పెట్టారు.

సుబ్బారావు గారు నా పక్కకొచ్చి మెల్లగా అడిగారు. "ఇది హీరో ఎంట్రీ అండీ. వెనక్కి పోతున్నాడేంటి?"

గేటు వైపు వేలు చూపించారు.

పక్క కొట్లోంచి ఫోన్ చేస్తే యాదగిరి జీపేసుకుని వచ్చాడు. కాగితం అతని ముఖాన పెట్టాను.

"చదువుత, ఇను. గేర్‌బాక్స్, కొట్టేసినం. నీ సంతకం. ఇంజిన్, కొట్టేసినం. నీ సంతకమే."

"మరి మిగిలిందేంటయ్యా?"

అతను వేలుతో కిందిదాకా వెతికాడు. "సిగరెట్ బూడిద డబ్బా. గా డబ్బా ఇరిగితే తీస్కరా, కొత్తది పెడ్త."

"నేను సిగరెట్లు తాగను."

"ఇప్పుడు షురూ చెయ్ మరి. ఎనిమిది వందలు కట్టినవ్ గద."

ఏడవడానికి టైం లేదు, వెనక షూటింగ్ వ్యాన్లు హారన్లు కొడుతున్నాయి. షెడ్డు దాకా లాక్కెళ్లడానికి ఎంతన్నాను. మూడు వందలన్నాడు. నా నోరు నా మాట వినదు.

"రెండు వందలు చేసుకో."

"సరే సేటూ. రెండొందలకు వెంగళరావు నగర్ దాక గుంజుకపోత. ఆడికెల్లి నువ్వు తోస్కో."

మూడు వందలూ అతని జేబులో నేనే కుక్కాను. ఆ ఎత్తు మీదే, నలిగిన నిమ్మకాయల సాక్షిగా ప్రమాణం చేశాను: ధర తగ్గించినవాడు ఇంకేం తగ్గించాడో చూడకుండా ఈ జన్మలో గేటు వైపు నడవను. బేరం మానేస్తానని మాత్రం అనలేదు. కులదైవం వచ్చి చెప్పినా అది కుదరదు.