ఆలస్యంగా అందే కబురు

కుక్కరున్నా నేనింకా గిన్నెలోనే అన్నం వండుతాను. ఈ పొద్దున గంజి పొంగి మంట మీద చుయ్యిమంది. ఆ మాడువాసన ముక్కుకు తగలగానే సఫియా మేడం వచ్చి పక్కన పీటేసుకుని కూర్చున్నట్టే అయింది.

ఎనభైల నాటి మాట. ఆమె సొంతూరు ఎల్లారెడ్డి. కామారెడ్డిలో మా ముందుగదిలో అద్దెకుండేది. కాలేజీలో లెక్కలు చెబుతూనే యూనివర్సిటీలో ఇంకా పెద్ద లెక్కలేవో చదివేది. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, అవేం లెక్కలో నాకు అంతుపట్టేది కాదు. ఒకరోజు కట్టెల పొయ్యి దగ్గర అడిగేశాను. అంతలో గంజి పొంగింది. గబగబా కట్టెలన్నీ బయటికి లాగాను. అన్నం పలుకుమీదే ఆగిపోయింది. మళ్ళీ కట్టెలన్నీ తోశాను. మళ్ళీ పొంగింది. మేడం పడీ పడీ నవ్వింది.

“నేను సదివేది గిదే అక్కా!”

“అన్నం వండుడా? గంతదానికి యూనివర్సిటి ఎందుకు, మా అత్తమ్మ లేదా?”

“మంట తగ్గిందని గిన్నెకు తెల్వాలంటే టైం పడ్తది. గంతల నువ్వు ఇంకింత గుంజుతవు. దేన్నన్న దారిల పెట్టాలంటే ఎంత నూకాలె, ఎప్పుడు నూకాలె, గవే మా లెక్కలు.”

బొగ్గుముక్కతో నేల మీద ఒక గీత గీసింది. లేచి, పడి, ఇంకా ఎత్తుకు లేచి, ఇంకా లోతుకు పడే గీత. “కబురు ఆలస్యంగ అందితే, మంచిగ చేద్దామన్నా గిట్లనే అయితది” అంది.

ఆ గీత నా సంసారమని అప్పుడు తెలియదు.

మా ఆయన దుబాయిలో ఉండేవాడు. ఇద్దరికీ రాత అంతంతమాత్రమే. క్యాసెట్లలో మాట్లాడుకుని, వచ్చిపోయేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. అవి చేరేసరికి వారాలు గడిచేవి. ఆ ఏడు అత్తమ్మ నా మీద అలిగి, మాచారెడ్డిలో కూతురింటికి వెళ్ళింది. ఆ సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. “మా అవ్వను ఎల్లగొడ్తవా?” అని అరుస్తూ క్యాసెట్ వచ్చింది. అప్పటికి అత్తమ్మ ఎప్పుడో తిరిగొచ్చింది. నా పక్కనే కూర్చుని వింటోంది. “గీనికేమైందే, నేను ఈడనే ఉన్న గదా!” అని నోరు తెరిచింది. ఆ ఒక్క మాట ఆయనకు చెప్పి ఊరుకుంటే అయిపోయేది. కడుపు మండి నేనూ నాలుగు అంటించి పంపాను. జవాబుగా ఇంకో క్యాసెట్ వచ్చింది. “అయితే నేను రానే రాను. ఇంకో రెండేండ్లకు సంతకం పెడ్త.”

టేప్ రికార్డర్ ముందేసుకుని కూర్చుంటే మేడం వచ్చి దాని మీద చెయ్యి పెట్టింది.

“ఏం జెప్తవు?”

“ఉంటే ఆడనే ఉండుమంట.”

“ఆయన నీ పాత కోపానికి జవాబిస్తుండు. నువ్వు ఆయన పాత కోపానికిస్తున్నవు. కొంచెమే నూకు అక్కా. నూకి ఆగు.”

అంతే చేశాను. టేప్ వంటింట్లో పెట్టి రికార్డు మీట నొక్కాను. అత్తమ్మ పప్పు నోట్లో పెట్టుకుని అందుకుంది: “ఉప్పు పుక్కట్ల వచ్చిందానే పిల్లా, గింత పోసినవు?” చివర నేనన్నది ఒకటే మాట: “అవ్వ ఇంట్లనే ఉన్నది, విను.”

వారం తిరగకుండా ఆయన దగ్గరి నుంచి మళ్ళీ తిట్ల క్యాసెట్! నా చెయ్యి మీట మీదికి పోయింది. “ఇది మనది వినకముందు పంపింది. ముట్టకు” అంది మేడం. ఆ ఆగడం ఎంత కష్టమో నాకే తెలుసు. పొయ్యి ఊదుతూ ఏడ్చి, పొగ అని చెప్పేదాన్ని.

చివరికి వచ్చిన క్యాసెట్లో ముందు నవ్వు వినిపించింది. “అవ్వా, ఇంకా ఉప్పు మీదనే ఉన్నవా? సంతకం పెట్టలే. వస్తున్న.”

మేడంకు పట్టా వచ్చినప్పుడు ఎల్లారెడ్డిలో వాళ్ళింటికి విందుకు నేనూ మా ఆయనా కలిసే వెళ్ళాం. తర్వాత ఆమె వేరే ఊరి కాలేజీకి వెళ్ళిపోయింది.

“ఏందే, మాడువాసన! పొయ్యి బంద్ చెయ్యి!” హాల్లోంచి మా ఆయన కేక.

గ్యాస్ మీట రవ్వంత తిప్పాను. “ఆగు, దిగుతది” అన్నాను. గరిటె పట్టుకుని, గంజి దిగేదాకా అక్కడే నిలబడ్డాను.