నవలలో రెండు పేజీల ముసలాయన

నేను ఏడో తరగతిలో బడికి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా నడుస్తూనే ఉంది. అలాంటి నన్ను పట్టుకుని గల్ఫ్‌లో, హమ్రియా అనే పేటలో మా రూమువాళ్లు ఒక డచ్చి నవల చెప్పే పంతులుగా పెట్టుకున్నారు.

మాది ఇంటి సామాన్లు ప్యాక్ చేసి దేశాలు దాటించే కంపెనీ. గోడౌన్ ఊరి బయట రుసైల్‌లో. ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక హాలండ్ మేడమ్, పుస్తకాల పెట్టెకు మూత పడకపోయేసరికి పైనున్నది తీసి నా చేతిలో పెట్టింది. వాళ్ల భాషలోంచి ఇంగ్లీషులోకి మార్చిన నవల. మంచి ప్రేమకథ, నవ్వు ఆగదు, సినిమా కూడా తీస్తున్నారని సగం మాటలతో, సగం చేతులతో చెప్పింది.

నాకు వచ్చిన ఇంగ్లీషంతా అట్టపెట్టెల మీద రాసేదే. అందుకని ఫోన్ కెమెరాను పేజీ మీద పట్టుకునేవాడిని, అక్షరాలు తెలుగులోకి మారేవి. ఆ తెలుగులో ఎముకలే ఉండేవి. కండ నేను పెట్టేవాడిని.

రూములో ఆరుగురం. శుక్రవారం సెలవు, వంట వంతులవారీగా. కథ చెప్పేవాడికి వంట మాఫీ అని మా అందరికంటే పెద్దవాడు తీర్పు చెప్పాడు. జగిత్యాల వైపు మేస్త్రీ, అందరం కాక అంటాం. వండటం కంటే అబద్ధాలాడటం నాకెప్పుడూ సులువే కాబట్టి ఒప్పుకున్నాను.

కథేమిటంటే, ఒక పిల్ల సైకిళ్లు బాగుచేసే దుకాణం నడుపుతుంది. ఆమెను చూడటానికి ఒకడు తన సైకిల్ తనే పాడుచేసుకుని వారం వారం వస్తాడు. వాడికో తండ్రి. భార్య పోయింది, వంట రాదు, బఠాణీల పులుసు మాడబెడతాడు. నవలలో ఆయన వాటా రెండు పేజీలు. కానీ పులుసు మాడిన రోజు కాక పడీపడీ నవ్వి, "గీయన మనోడే రా" అన్నాడు.

మరుసటి శుక్రవారం నేను పిల్ల సంగతి ఎత్తుకోబోతే, "ఆమె యాడికి పోదు గని, ముసలాయన ఏంజేత్తుండు?" అని అడిగాడు.

ఏం చేస్తాడు, నేను చేయించాలి. పక్కింటావిడ దగ్గర అన్నం వార్చడం నేర్పించాను. కాలువలో పడ్డ గిన్నె కోసం గాలం వేయించాను. అలా రెండు పేజీలను ఎనిమిది శుక్రవారాలు లాగాను.

అంతలో సినిమా వచ్చింది. మా రూములోని హైదరాబాద్ భాయి టైపింగ్ సెంటర్లో పనిచేస్తాడు. ఇంగ్లీషు బాగా వచ్చు, పుస్తకం చూస్తే మాత్రం నిద్ర వస్తుంది. శుక్రవారం నమాజు నుంచి రాగానే టీవీలో ఆ సినిమా పెట్టి, కింద పడే ఇంగ్లీషు చదివి చెప్తానన్నాడు. ముసలాయన వాటా బయటపడితే నా మాఫీకి ఆ రోజే ఆఖరు.

నన్ను ముందు ముంచింది మాత్రం పిల్ల. సైకిల్ దుకాణం కాస్తా పూల దుకాణం అయింది. నవలలో ఆమె గ్రీజు చేతులతోనే రొట్టె తినేది. పెళ్లి మాట ఎత్తినవాడి చేతికి పంపు ఇచ్చి గాలి కొట్టమనేది. సినిమాలో గోళ్లకు గులాబీ రంగు. పిల్లగాడు కారులో దిగాడు. కారున్నవాడికి సైకిల్ పాడుచేసుకునే కష్టమెందుకు? పది నిమిషాలకోసారి వాన. ప్రతి వానకూ ఇద్దరూ గొడుగు మరిచిపోయారు.

"ముసలాయన ఎప్పుడత్తడు?" కాక అడిగాడు.

"అత్తడు కాక, సెకండ్ హాఫ్ల."

వచ్చాడు, గోడమీది ఫోటోలో. పిల్లగాడు అటు చూసి ఏదో అన్నాడు.

"మా నాయన పోయి మూడేళ్లయింది అంటుండు," అని భాయి చదివాడు.

కాక రిమోట్ తీసుకుని ఆపేశాడు. "పోయిన శుక్రారం మంచిగనే ఉండె కదరా."

"సిన్మావోళ్లు సంపిండ్రు కాక. నవల్ల బతికే ఉన్నడు," అన్నాను. అంతవరకు నిజమే. అక్కడ ఆగాల్సింది. "అసలు నవలంత ఆయనదే."

"కితాబ్ ఇటియ్యి," అన్నాడు భాయి. వాడు నిద్రపోకుండా పేజీలు తిప్పడం అదే మొదటిసారి చూశాను. "రెండే పేజీలు కాక. పులుసు మాడ్చిండు, ఖతం."

కాక నా వైపు తిరిగాడు. "మరి కాలువల గాలమేసింది?"

"నేనే."

"అన్నం వార్చింది?"

"గదీ నేనే కాక. పుస్తకంల వాళ్లు అన్నమే తినరు."

అందరూ నవ్వారు, కాక తప్ప. "ఎనిమిది వారాలు మాఫీ తిన్నవ్. ఎనిమిది వారాలు నువ్వే వండు," అన్నాడు.

వంటింట్లోకి నడిచాను. కోడి కడుగుతుంటే తెలిసింది, నన్ను కుదిపింది వంట కాదు. ఇక మీదట కాక కథ అడగడేమోనన్న దిగులు.

కాసేపటికి కాక ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

"సిన్మాల పోయిండంటే పోయిండు," అన్నాడు. "నీ దాంట్ల ఏంజేత్తుండు?"

"ఇయ్యాల పక్కింటామెతోని సిన్మాకు పోయిండు కాక. సగంల లేచి అచ్చిండు."

"మంచి పని జేసిండు," అని కాక ఉల్లిగడ్డలు తన వైపు లాక్కున్నాడు.